రాని రోగానికి సాక్షి

సత్తుగిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి. లింగమూర్తి మూడు రాళ్ల పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, పట్టకారుతో సూదుల్ని ఒక్కొక్కటే తీసి, వెలుతురుకెత్తి కొస చూసి తెల్లగుడ్డ మీద పరుస్తున్నాడు. కొస మొద్దుబారినదాన్ని పక్కకు నెట్టాడు. మొద్దు సూదితో ఒక్క ఆవును అరిపిస్తే తర్వాతి కొట్టాల తడికెలన్నీ మూసుకుంటాయి. పశువుల దవాఖాన నౌకరీ అతనికి నేర్పిన మొదటి బేరసారం అది.

బక్కపలచని మనిషి. ఖాకీ చొక్కా భుజాల మీద వెలిసిపోయింది. ఎప్పుడో కోడె తొక్కిన బొటనవేలికి గోరు మళ్లీ రాలేదు.

అతని లెక్కలో మందు అమ్మడం సులువు. నొప్పి ఉన్నవాడు తనే వెతుక్కుంటూ వస్తాడు. టీకా అలా కాదు. అంతా బాగున్న రోజున, ఇంకా రాని నష్టాన్ని చూపించి ఒప్పించాలి. ఆ నష్టం రాకపోతే మెచ్చుకునేవాడు ఉండడు, వస్తే తిట్టడానికి ఊరంతా ఉంటుంది. రాని రోగానికి సాక్షి ఎవడు?

పైగా ఈసారి తెచ్చింది పొదుగువాపు టీకా. కొత్త సరుకు. ఎట్లా పనిచేస్తుందో చూడమని పట్నం నుంచి పంపారు. తప్పకుండా ఆపుతుందని పెద్ద డాక్టరు కూడా మాట ఇవ్వలేదు.

ఖాజాగూడవాళ్లు పొద్దుటినుంచి అతనికి ఎద్దుల్నీ దూడల్నీ చూపిస్తున్నారు. సూది పడితే పాలు తగ్గుతాయని ఆవుల్ని గుట్టల వెనక్కి తోలేశారు. ఎద్దుకు పొదుగెక్కడిదని లింగమూర్తి నవ్వుతూ అడిగితే, సర్కారు సూది ఎవరికి పొడిస్తే ఏందని వాళ్లలో బాలనర్సయ్య అంతకన్నా తియ్యగా నవ్వాడు. లింగమూర్తి వాదించలేదు. అమ్మేవాడు గొంతు పెంచితే సరుకు మీద అనుమానం పుడుతుంది. ఊరి కళ్లన్నీ నీలమ్మ కొట్టం మీద ఉన్నాయని అతనికి తెలుసు.

నీలమ్మది మగదిక్కు లేని ఇల్లు. పోయినేడు గొంతువాపు టీకా వేసిన వారానికే ఆమె ఆవుకు పొదుగు వాచి ఒక సన్ను మూసుకుపోయింది. ఆ రోగం సూదికి ముందే లోపల ఉందని చెప్పబోతే ఆమె వినలేదు. ఆవును తెగనమ్ముకుంది. అప్పటినుంచి ఆ గుమ్మంలో అతనికి మంచినీళ్లు కూడా లేవు. మిగిలింది వట్టిపోయిన చూడి ఆవు ఒక్కటే. అది ఈని నిండుగా పాలిస్తేనే ఆ ఇంట్లో పొయ్యి రాజుతుంది.

"పోయినేడు ఒక సన్ను తీస్కపోయినవ్," అంది నీలమ్మ, పేడ చేతులతో దారికి అడ్డం నిలబడి. "ఈసారి నాలుగూ కావాల్నా అన్నా?"

అతను చేతులు కడుక్కుని ఆవు పక్కన కూర్చున్నాడు. మణికట్టు వెనకభాగంతో పొదుగంతా తాకి చూశాడు. ఎక్కడా వేడి లేదు, గట్టిదనం లేదు.

"లోపల ఏం లేదు చెల్లె. ఇప్పుడేస్తే ఫాయిదా ఉంటదనుకుంటున్న. పక్కా అని మాత్రం చెప్ప."

"పక్కా లేనిదానికి నా ఆవే దొరికిందా?"

సరైన ప్రశ్నే. కొనేవాళ్లు మాత్రమే నష్టపోయే బేరం బేరం కాదు. నానక్‌రామ్‌గూడలో అతని ఇంట్లో ఒక ఆవుంది. భార్య భూలక్ష్మి దాన్ని దూడప్పటినుంచి గంజి పోసి సాకింది.

"నీ ఆవు పొదుగు చెడితే నా ఆవును తోల్కపో."

"నీ పెండ్లాం ఊకుంటదా?"

"ఊకోదు. బువ్వ పెట్టది. అది నా ఫికర్."

నీలమ్మకు నవ్వు ఆగలేదు. తనే పలుపు పట్టుకుంది. సూది దిగినప్పుడు ఆవు మెడ మీద చర్మం ఒక్కసారి జలదరించింది, అంతే. కాసేపటికి గుట్టల వెనకనుంచి ఒక్కొక్క ఆవే బయటికి రాసాగింది. పొద్దు వాలేసరికి మందు సీసాలు ఖాళీ అయ్యాయి.

వెళ్లబోతుంటే నీలమ్మ ఉప్పేసిన సల్ల తెచ్చిచ్చింది. అతను నిలబడే తాగి, గిలాసను కడిగి, పిట్టగోడ మీద బోర్లించాడు.

చెరువు దాటాక సైకిల్ నెట్టుకుంటూ ఎత్తు ఎక్కుతుంటే ఎడమచెయ్యి బరువెక్కింది. పొద్దంతా పశువులను పట్టినందుకనుకున్నాడు. ఇన్నేళ్ల నౌకరీలో చావని పశువులెన్నో, వాటిలో ఒక్కదాన్ని కూడా ఇదిగో అని చూపించలేడు. తనదంటూ ఏదీ ఎన్నడూ పందెంలో పెట్టలేదు కూడా. ఈరోజు పెట్టాడు. ఇంట్లో ఏం చెప్పాలో తెలియదు గాని, ప్రాణానికి మాత్రం హాయిగా ఉంది. కాస్త అలుపు తీరాక పోదామని ఒక రాతికి ఆనుకుని కూర్చున్నాడు.

గొర్లను తోలుకొస్తున్న చంద్రమ్మ పలకరించింది. భుజం పట్టి కదిపితే అతను పక్కకు ఒరిగిపోయాడు, ఊపిరి లేదు.

మరుసటి నెల నీలమ్మ ఆవు ఈనింది. నాలుగు సన్నుల నుంచీ ధార చక్కగా వచ్చింది. జాతి మంచిది, సూది లేకున్నా రోగం వచ్చేది కాదని బాలనర్సయ్య తేల్చేశాడు. నీలమ్మ జున్నుపాలు చెంబులో పోసుకుని నానక్‌రామ్‌గూడ నడిచింది. ఇంత దూరం ఇవెందుకు తెచ్చినవని భూలక్ష్మి అడిగితే, "ఊకెనే," అని, గాటికి కట్టేసి ఉన్న ఆవు గంగడోలు కాసేపు నిమిరి వచ్చేసింది. పందెం మాట ఎత్తలేదు.

ఇంటికొచ్చి వాకిలి ఊడ్చింది. పిట్టగోడ మీది దుమ్మును కొంగుతో తుడిచింది. అతను బోర్లించిన గిలాస దాకా వచ్చి, దాని చుట్టూ తుడిచి, దాన్ని అట్లాగే ఉంచింది.