అందరం తడిసిపోయాం

తెలుగు సంఘం పెద్దల్లారా, మొన్న శుక్రవారం మీరు మా ఆయన భుజాన కప్పిన శాలువా ఇస్త్రీ చేసింది నేనే. "ఆపదలో ఉన్న ఆడపిల్లల్ని స్వదేశం చేర్చిన మహానుభావుడు నాగబాబు!" అని మీ అప్పాజీ గారు మైకులో అరిచారు. నన్ను మాత్రం "పేరమ్మక్కా, పులిహోర ఇంకో గిన్నె" అని పిలిచారు. మీరలా చప్పట్లు కొడుతుంటే, దుబాయ్ నైఫ్ పేటలోని మా గదిలో, పనిచేసే ఇంటి నుంచి పారిపోయొచ్చిన శాంతిప్రియ మంచం కింద నక్కి ఉంది. సిగ్గుండాలి.

నేను రివ్కా అనే యూదు ముసలావిడని చూసుకుంటాను. మనవరాలి ఉద్యోగం కోసం దుబాయ్ వచ్చారు. తొంభై ఏడేళ్లు. పళ్లు లేవు, నోరుంది. ఆ శాలువా వాళ్లింట్లో ఇస్త్రీ చేస్తుంటే అడిగింది.

"ఎవరికది?"

"మా ఆయనకి. ఆడపిల్లల్ని కాపాడాడట."

"నువ్వేం చేశావు?"

చెప్పాను. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ కొట్టి, పాస్‌పోర్టు లాక్కుంటే పారిపోయి వచ్చిన పిల్లలకి చోటిచ్చింది నేను. ఇక్కడ శుక్రవారమే చర్చికెళ్లే మా ఆడవాళ్లందరికీ తెల్లచీరలు కట్టించి, నడుమ ఒక్కో పిల్లని నడిపించి, మన కాన్సులేట్ గుమ్మం దాకా చేర్చింది నేను. అందరం ఒకేలా ఉంటే ఎవరిని పట్టుకుంటారు? మా ఆయన చర్చి దాకా టాక్సీ తోలాడు. అదీ గొణుక్కుంటూ: "నీకెందుకే ఈ పెంట? ఇంట్లో కూర మాడుతోంది చూసుకో."

రివ్కా బోసినోటితో పడీపడీ నవ్వింది. హిట్లర్ మనుషులు ఆమె ఇంటిల్లిపాదినీ చంపేశారు. యుద్ధమయ్యాక, పందొమ్మిదేళ్ల పిల్ల, మిగిలిన జనాన్ని దొంగచాటు ఓడలో పాలస్తీనా ఒడ్డుకి తెచ్చింది. అప్పట్లో అక్కడ ఏలుతున్న బ్రిటిష్ సైనికులు, ఓడ దిగి నీళ్లలో వచ్చిన తడిబట్టల వాళ్లని ఏరి పట్టుకుంటున్నారట. ఈవిడ ఒడ్డునున్న ఊరివాళ్లని కూడా నీళ్లలో దూకమని కేకేసింది.

"అందరం తడిసిపోయాం! ఇక ఎవరు పాత, ఎవరు కొత్త?"

"మరి శాలువా?"

"కెప్టెన్‌కి. దారంతా వాంతులే వాడికి! ఫొటో కింద నన్ను వంటమనిషి అని రాశారు." ఇస్త్రీపెట్టె కింది శాలువాని వేలితో చూపించింది. "నేను నోరు మూసుకున్నాను. నువ్వు మూసుకోకు."

సభ నుంచి వచ్చి మా ఆయన శాలువా కుర్చీ మీద పడేసి "టీ పెట్టవే" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నాకు కోపముంది గానీ దిగులు లేదు. ఊరు చేరిన పిల్లలు ఫోన్ చేసి "పిన్నీ, తిన్నావా?" అంటే చాలు, కడుపు నిండిపోతుంది. అలాంటి ఫోన్ మీలో ఎవరికైనా వచ్చిందా?

మా గదిలో ఎవరో దాగున్నారని ఓనరు పసిగట్టాడు, ఖాళీ చెయ్యమంటున్నాడు. మీ సంఘం హాలు శుక్రవారం తప్ప ఎప్పుడూ తాళమే. ఆ తాళంచెవి నాకివ్వండి. ఇవాళే. శాంతిప్రియ ఇక మంచం కింద పడుకోదు. వచ్చే శుక్రవారం మీ ఇళ్ల ఆడవాళ్లందరూ, ఏ మతమైనా సరే, తెల్లచీర కట్టుకుని, శాంతిప్రియని నడుమ పెట్టుకుని, కాన్సులేట్ దాకా మాతో నడవాలి.

ఆ రోజు పులిహోర మీరు కలపండి.