మోసెస్ సాక్ష్యం

ఆరో గడి దగ్గర మోసెస్ ఆగి నడుము నిటారు చేసుకున్నాడు. ఎడమ చేతిలో సున్నం డబ్బా. కుడి చేతి వేళ్ల సందుల్లోంచి తెల్లటి పొడి సన్నగా రాలుతోంది. ఖో-ఖో కోర్టు మధ్యగీత మీద ఎనిమిది గడులు పడాలి. టేపు లేదు, దారం లేదు. పాదం ముందు పాదం పెట్టి కొలుస్తాడు, వంగి గీస్తాడు. మెదక్ మైదానంలో ఇరవై ఆరేళ్లుగా అతని గీత వేలెడు పక్కకు పోలేదు.

ప్రహరీ అవతల ఆడవాళ్ల గొంతులు పెరిగాయి. గేటు పొద్దున అయిదింటికి తెరవాలి. అయిదూ ఇరవై అయింది. తాళంచెవి అతని మొలతాడుకే వేలాడుతోంది.

"మోసెసన్నా, ఇంకెంతసేపు? మళ్ల పొయ్యి బీడీలు చుట్టాలె మేము."

"సార్ చెప్పలే. సార్ చెప్తెనే తీస్త," అన్నాడు తలెత్తకుండా.

సార్ ఎన్నడూ అలా చెప్పలేదు. సార్ అంటే కోచ్ ఉదయ్ కుమార్. అతని బండి చప్పుడు మలుపు దగ్గర వినబడగానే మోసెస్ పరుగున పోయి గేటు తీస్తాడు. ఉదయ్ లోపలికి వచ్చేసరికి అంతా సవ్యంగా ఉంటుంది. మూడు వారాలుగా ఇదే నాటకం. దీంతో ఆడవాళ్లకు సార్ మీద కోపం వస్తుందని మోసెస్ లెక్కవేశాడు. రాలేదు. సార్‌కు ఏదో కారణం ఉంటుందిలే అని వాళ్లలో వాళ్లే సర్దుకున్నారు. అది అతన్ని మరింత మండించింది.

మోసెస్‌కు యాభై ఆరేళ్లు. సున్నానికి వేళ్ల కొసలు పగిలాయి. గోళ్లు ఎంత కడిగినా తెల్లగానే ఉంటాయి. రోలరు లాగి లాగి కుడి భుజం కిందికి జారింది. ఈ మైదానంలో రాళ్లేరింది అతను, ముళ్లు పీకింది అతను, వానాకాలం నీళ్లు ఎత్తిపోసింది అతను. రెండేళ్ల కింద నిజాంపేట నుంచి ఉదయ్ వచ్చాడు. మెడలో విజిల్, మొహాన నవ్వు. పొద్దంతా వంగి కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లను పిలిచి, నడుములు పట్టేస్తున్నాయి కదా, రండి ఖో-ఖో ఆడండి అన్నాడు. మొదట ముసిముసిగా నవ్వారు, తర్వాత వచ్చారు. ఇప్పుడు నలభై మంది. పేపర్లో ఫోటో పడింది. మోసెస్ గీసిన గీతల మీద ఉదయ్ నిలబడి ఉన్నాడు. మోసెస్ లేడు. ఒక మూలన సున్నం డబ్బా మాత్రం సగం పడింది.

అన్నిటికంటే పెద్ద ముల్లు లలిత. అతని భార్య కూడా బీడీలు చుడుతుంది, ఆమె కూడా వస్తుంది. మూడో గడిలో కూర్చుంటుంది. వెనక నుంచి ఎవరో వీపు తట్టి 'ఖో' అనగానే లేచి, కొంగు దోపుకుని, నవ్వుతూ పరిగెత్తుతుంది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆ నవ్వు మోసెస్ వినలేదు.

ఆ రోజు ఎనిమిదింటికి ఇంటికి పోతే కంచంలో గుడ్డు పెట్టింది.

"పొద్దుగాల ఒక గుడ్డు తినాలెనట. ఉదయ్ సార్ చెప్పిండు."

"అయిదేండ్ల సంది నేను చెప్పలేదా?"

"నువ్వు చెప్తె తిట్టినట్టుంటది," అంది లలిత. నవ్వుతూనే అంది.

గుడ్డు పక్కకు నెట్టి లేచాడు. పదకొండింటికి మైదానంలో విచారణ ఉంది.

ఆ విచారణ సంగతి ఇదీ. ఈ ఏడు ప్రభుత్వం కొత్త నియమం తెచ్చింది. ఊరి మైదానాల్లో పొద్దున మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఎవరైనా ఆడుకోవచ్చు, ఫీజు ఉండదు. ఆట పతకాలు తెచ్చేవాళ్లకే కాదు, ఆడితే ఒళ్లు తేలికపడేవాళ్లకు కూడా కావాలని ఆ కాగితంలో రాసి ఉంది. అయితే మైదానం బాధ్యత ఉన్న కోచే ఆ వేళల్లో గేటు మూయిస్తున్నాడని రుజువైతే మైదానాన్ని ప్రైవేటు వాళ్లకు అప్పగించవచ్చని చివర్లో మరో వాక్యం ఉంది. క్రికెట్ అకాడమీ నడిపే ఇంద్రకరణ్ ఆ చివరి వాక్యమే చదివాడు. హవేలిఘనపూర్‌లో పొలాలున్న మనిషి, ఊళ్లో పలుకుబడి ఉన్న మనిషి. కోచ్ గేటు మూయిస్తున్నాడని ఫిర్యాదు పెట్టాడు. తర్వాత మోసెస్‌ను కారు దగ్గరికి పిలిపించుకున్నాడు.

"గేటు బందు పెట్టమన్నది సారే అని చెప్పు, గంతే. రేపు గ్రౌండ్ మా చేతికొస్తె బోర్డు మీద నీ పేరుంటది. గ్రౌండ్ ఇన్‌చార్జ్ మోసెస్."

బోర్డు మీద పేరు. ఆ రాత్రి మోసెస్‌కు నిద్ర పట్టలేదు. రెండు వాక్యాలు తయారు చేసుకుని, రోలరు లాగుతూ వారం రోజులు వల్లె వేశాడు.

షామియానా కింద జనం కూర్చున్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఆఫీసరు రాజమణి ఫిర్యాదు చదివి వినిపించింది. ఉదయ్‌ను అడిగితే, తాను వచ్చేసరికి గేటు రోజూ తెరిచే ఉంటుందన్నాడు. ఆడవాళ్లను అడిగితే నేల చూశారు. సార్ చెప్తేనే తీస్తానని మోసెస్ రోజూ అనడం వాళ్లు విన్నదే. సార్‌ను ఎట్లా పట్టించడం? ముందు వరసలో ఇంద్రకరణ్ కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

రాజమణి కాగితం తిప్పి తలెత్తింది. "మోసెస్ గారూ, లేవండి. మీ సాక్ష్యం చెప్పండి."

మోసెస్ లేచాడు. ఆ మాట చెవిన పడగానే అతని చేతులు వాటంతట అవే జోడయ్యాయి, కళ్లు మూతపడ్డాయి. ముప్ఫై ఏళ్లుగా పేట ప్రార్థన కూటంలో పాస్టరు ఆ మాటే అంటాడు, మోసెస్ ఇలాగే లేస్తాడు. సాక్ష్యానికి ఒక వరస ఉంది. ముందు వందనాలు. తర్వాత తన పాపం. ఎదుటివాడి పాపం అందులో ఎక్కడా లేదు.

"ప్రభువు నామంలో అందరికి వందనాలు," అన్నాడు.

"వందనాలు," అని వెనక నుంచి నలుగురు ఆడవాళ్లు బదులిచ్చారు. రాజమణి కలం ఆగింది.

"నేను పాపిని," అన్నాడు మోసెస్. వల్లె వేసిన రెండు వాక్యాల కోసం వెతికాడు. ఈ వరసలో వాటికి చోటు దొరకలేదు. నోట్లో ఉన్నదే బయటికి వచ్చింది. "ఉదయ్ సార్ అంటె నాకు కడుపుమంట. ఆయనను అందరు సార్ అంటరు. నా పెండ్లాం సుత అంటది. గేటు నేనే మూసిన. ఆయన పేరు చెప్పి మూసిన. ఆడోళ్లు చీకట్ల నిలవడ్డరు, నా కండ్ల ముంగటనే నిలవడ్డరు. నాకు మంచిగనిపించింది."

ఇంద్రకరణ్ కాలు కిందికి దిగింది.

"ఈ కొద్ది మాటలు ప్రభువు దీవించును గాక."

"ఆమెన్," అంది ఒకే ఒక గొంతు. లలితది.

కళ్లు తెరిచాక గానీ తను ఎక్కడ నిలబడ్డాడో మోసెస్‌కు తెలియలేదు. రాజమణి నెమ్మదిగా, ఇది మీరు సొంతంగా చెబుతున్నారా అని అడిగింది. అవునన్నాడు. వేలిముద్రా సంతకమా అంటే సంతకమే పెట్టాడు.

ఫిర్యాదు అక్కడికక్కడే కొట్టేశారు. మైదానం పొద్దునా సాయంత్రం అందరిదీ అని రాజమణి ప్రకటించింది. తర్వాత గొంతు తగ్గించి, కావాలని గేటు మూసినవాణ్ణి కొలువులో ఉంచే వీలు ఆ కాగితంలో లేదంది. రేపటి నుంచి మైదానాలకు పనివాళ్లను పెట్టే ఏజెన్సీ వేరే మనిషిని పంపుతుంది.

చప్పట్లు మోగాయి. ఆడవాళ్లంతా లేచి ఉదయ్ చుట్టూ మూగారు. మోసెస్ స్తంభానికి ఆనుకుని చూశాడు. పాపం ఒప్పుకున్నది తను, పోగొట్టుకున్నది తను, చప్పట్లు మాత్రం మళ్లీ ఉదయ్‌కే. లోపల మంట రవ్వంత కూడా ఆరలేదు. లలిత ఒక్కతే ఇటు వచ్చింది. భుజం మీది సున్నం దులిపి, అన్నం చల్లారుతుంది రమ్మంది. పనుందన్నాడు.

సాయంత్రం ఆట ముగిసి అందరూ పోయాక కోర్టు మళ్లీ గీశాడు. రేపు వచ్చేవాడికి కొలత తెలియదు. ఎనిమిదో గడి దగ్గర వంగి ఉండగా ఉదయ్ కాగితం కప్పులో టీ తెచ్చాడు.

"అన్నా, మేడమ్‌తోని నేను మాట్లాడుత. ఇంకోసారి ఆలోచించుమంట."

"మీరు మాట్లాడితె వింటరు సార్," అన్నాడు మోసెస్. "గదే నా బాధ. మాట్లాడకుండ్రి."

ఉదయ్ కప్పు రోలరు మీద పెట్టి, బండి తీసి వెళ్లిపోయాడు. మోసెస్ గీత పూర్తి చేశాడు. టీ వంక చూడకూడదనుకున్నాడు. చూశాడు. తీసుకుని రెండు గుక్కలు తాగాడు. చక్కెర సరిగ్గా తన రుచికే ఉంది. అది కూడా కనుక్కున్నాడన్నమాట. కప్పు తిరిగి అక్కడే పెట్టేశాడు. తాళంచెవి మొలతాడు నుంచి విప్పి గేటుకు తగిలించి, చర్చి గోపురం వైపు రోడ్డు పట్టుకున్నాడు. వెనక్కి తిరగలేదు.

రోలరు మీద సగం టీ మిగిలిన కాగితం కప్పు ఉంది. దాని చుట్టూ మూడు వేళ్ల సున్నం మరకలు, వాటి ఎదురుగా ఒక బొటనవేలిది.