కావాలనే ఆపిన నాలుగు నిమిషాలు

మా పెద్దమ్మ ఒక రోజు మధ్యాహ్నం లాండ్రీ మొత్తాన్ని నాలుగు నిమిషాలు ఆపేసింది. చెయ్యి తగిలి కాదు, ప్రమాదం చూసీ కాదు. ఆపాలనిపించి ఆపింది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నేను చేసిన తెలివితక్కువ పనంతా దీన్ని దాచబోయి చేసిందే.

మాది ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ. కింద హాల్లో మనిషెత్తు ఇస్త్రీ రోలర్లు మూడున్నాయి. ప్రమాదమేదైనా వస్తే యంత్రాలన్నీ ఒక్కసారే ఆపడానికి గోడకి ఒక ఎర్ర పిడి ఉంది. ముప్పయ్యేళ్ళుగా పెద్దమ్మ పని మూడోదాని దగ్గర, కిటికీ పక్కన. తడి దుప్పటిని రెండంచులా పట్టి ఒక్క విదిలింపు విదిలించి రోలరుకి అందిస్తుంది, ముడతన్నది పడదు. నన్ను పెంచింది ఆవిడే. నా కుర్చీ పై అంతస్తులో. కింద వేలు కాలినా, దుప్పటి చిరిగినా, జరిగినవాళ్ళొచ్చి నాకు మన భాషలో చెబుతారు, నేను ఇంగ్లీషులో రాస్తాను. హెడ్డాఫీసుకి ఇంకే భాషా కొరుకుడు పడదు మరి.

ఆ పని కోసమే ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. మనం ‘కావాలని’ అని ఒక్క ముక్కలో తేల్చేసేదానికి వాళ్ళకి అరడజను మాటలు! ఇంటెన్షనల్లీ అంటే ముందే మనసులో అనుకుని. డెలిబరేట్లీ అంటే తొందరపడకుండా, ఆలోచించుకుని మరీ. వాలంటరీలీ అంటే ఎవరూ బలవంతపెట్టకుండా. విల్లింగ్లీ అంటే మనస్ఫూర్తిగా. విల్‌ఫుల్లీ అంటే వద్దన్నకొద్దీ మొండికేసి. ఇక ఆన్ పర్పస్ అనేది కాలు తొక్కినవాడి మీద చిన్నపిల్లలు ఫిర్యాదు చేసే మాట.

సాయంత్రాలు పెద్దమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని ఆ పుస్తకం చదివించుకునేది. ఇంగ్లీషు చదవడం రాదు గానీ మాటలంటే మహా ఇష్టం.

“నా పెళ్ళికి ఇందులో ఏ మాట వేస్తావే?” అని అడిగింది ఒకసారి.

“నిన్నెవరడిగారు పెద్దమ్మా? తాతయ్య చెయ్యమన్నాడు, చేసుకున్నావు.”

“పోనీ, ఈ ఉద్యోగానికి?”

అది మా అమ్మ ఉద్యోగం. అమ్మ పోయిన పదో రోజున, నాకు పాలు కొనాలి గనక, పెద్దమ్మ వెళ్ళి ఆ రోలరు దగ్గర నిలబడింది. దానికీ ఏ మాటా కుదరలేదు.

“బాగుంది! ఇన్ని మాటల్లో నా వంతుకి ఒక్కటీ రాలేదన్నమాట,” అని నవ్వింది. నేనూ నవ్వాను, బుద్ధిలేనిదాన్ని.

ఆ మధ్యాహ్నం నాకు ముందుగా తెలిసింది అరికాళ్ళకి. ఎప్పుడూ సన్నగా అదిరే నేల అదరడం మానేసింది. మెట్లు రెండేసి చొప్పున దిగాను. హాల్లో ఆవిరి తెల్లగా, మెల్లగా కిందికి దిగుతోంది. కిటికీలోంచి పడ్డ ఎండ అందులో కరిగిపోతోంది. నలభై మందీ చేతుల్లో దుప్పట్లతో ఎక్కడివాళ్ళక్కడ, నిద్రలో నిలబడ్డట్టు నిలబడిపోయారు. పంపు బొట్టుబొట్టుగా కారడం వినిపించింది. ఎవరో ముక్కు చీదారు, అదీ వినిపించింది. కిటికీ బయట ఒక పిట్ట అరిచింది. ఆ పిట్ట అన్నాళ్ళుగా అక్కడ అరుస్తోందో ఏమో, ఎవరికి తెలుసు? పెద్దమ్మ ఎర్ర పిడి వదిలి, కళ్ళు మూసుకుని ఒక అడుగు వేసింది, ఆగింది, ఇంకో అడుగు వేసింది. ఎవరూ కదల్లేదు. నాకూ కదలాలనిపించలేదు.

తర్వాత మళ్ళీ మోత మొదలైంది, ఆవిడ నా బల్ల ముందుకి వచ్చింది.

“చెయ్యి జారింది కదూ?” అన్నాను గొంతు తగ్గించి.

“జారడమేమిటే? కావాలనే లాగాను. ముప్పయ్యేళ్ళయింది, ఆ హాల్లో నా అడుగుల చప్పుడు నాకే ఏనాడూ వినపడలేదు. ఒక్కసారి వినాలనిపించింది. విన్నాను.”

“నీకేమైనా పిచ్చా? ఇంటికి పంపించేస్తారు!”

“పంపితే పంపనీ. నువ్వు మాత్రం నీ పుస్తకంలోంచి మంచి మాట ఏరి రాయి.”

నాకు కోపం ముక్కు మీదుంటుంది, భయం దాని వెనకే ఉంటుంది. ‘బై మిస్టేక్’ అని రాశాను. ఆవిడ కింద గుండ్రటి తెలుగు అక్షరాలతో సంతకం పెట్టింది.

“ఏ మాట వేశావు?”

“డెలిబరేట్లీ.”

ఇంటికి వెళ్ళేదాకా ఆ మాట నోట్లో బెల్లంముక్కలా నానబెట్టుకుంటూ నడిచింది. “డె-లి-బ-రే-ట్లీ. దొరికిందే నాకు కూడా ఒకటి.” నేను చెప్పుల వైపు చూసుకుంటూ నడిచాను.

నాలుగో రోజున మేనేజరుగారు ఇద్దరినీ పిలిచారు.

“పొరపాటున పిడి లాగారంటే చేతికి పట్టు తప్పుతోందన్నమాట. అలాంటివాళ్ళని వేడి రోలరు దగ్గర ఉంచకూడదమ్మా, రూలు. రేపటినుంచి నేలమాళిగలో తలగడ గలీబులు విడదీద్దురుగాని.”

ఆ గదికి కిటికీ లేదు. పెద్దమ్మ తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది.

“నా చేతికి పట్టు తప్పడమేమిటండీ? డెలిబరేట్లీ అని రాసింది కదండీ మా పిల్ల.”

ఆయన కాగితం చూశారు, నన్ను చూశారు.

“కావాలని ఆపితే ఏమయ్యేదండీ?” అన్నాను.

“వారం రోజులు పనిలోకి రావద్దనేవాళ్ళం. తర్వాత ఎక్కడివాళ్ళక్కడే.”

వారం! ఒక్క వారానికి భయపడి ఆవిడ ముప్పయ్యేళ్ళ చేతిపనికి నేనే మచ్చ తెచ్చాను. నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది. పెద్దమ్మకి అప్పుడు అర్థమైంది. నా వైపు చూసింది. ఆ చూపులో కోపముంటే భరించేదాన్ని.

మేనేజరుగారు చెడ్డవారు కాదు. “తర్జుమాలో పొరపడి ఉంటావు. ఆ ముక్క రాసివ్వు, దిద్దేస్తాను. కావాలని మార్చావంటే మాత్రం నీ కుర్చీ ఉండదు, ఆలోచించుకో,” అన్నారు.

“పొరపాటేనండీ,” అంది పెద్దమ్మ గబగబా. “చిన్నపిల్ల, పొరపాటు పడింది.”

ముప్పయ్యొకటో ఏడు నడుస్తోంది నాకు. నేను ఆవిడకి చేసిందే ఆవిడ నాకు చేస్తోంది, అదే ప్రేమతో. నేను ఆలోచించుకున్నాను. తొందరపడలేదు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటుంటే కాసేపు దాన్నే విన్నాను.

“కాదండీ. ఆవిడ కావాలనే ఆపింది. నేను కావాలనే మార్చాను,” అని కాగితం లాక్కుని రెండు వాక్యాలు ఇంగ్లీషులో రాశాను, ఒకటి ఆవిడ గురించి, ఒకటి నా గురించి. రెండింటిలోనూ డెలిబరేట్లీ అనే వేశాను. మార్చలేదని తెలియడానికి వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం పైకి చదివి, పెద్దమ్మకి వినిపించాను.

పెద్దమ్మకి వారం సెలవు. నాకు నేలమాళిగలో గలీబులు.

దారంతా ఆవిడ నాకు రెండడుగుల ముందే నడిచింది. ఇంటి తాళం తీస్తూ, “నాలుగు రోజులు ఆ మాట పట్టుకుని ఎంత మురిసిపోయానే,” అంది. నాకు ఏడుపు ఆగలేదు. కొంగుతో నా మొహం తుడిచి, తలుపు తోసింది.

“సర్లే, ఊరుకో. ఆ గలీబుల గదిలోకి పైనుంచి మోత దిగదట. రేపు వెళ్ళాక రెండడుగులు వేసి చూడు.”