ఉప్పు మరిచే మనిషి

తడి కాగితం వాసన.

తడిసిన గొర్రె వాసనకి చెల్లెలు అది.

ఒహాయో ఏటి ఒడ్డున, సిన్సినాటిలో, కెజాయా వంటింట్లో ప్రతి గురువారం ఇదే వాసన. అచ్చుకి ముందురోజు కాగితాలు తడపాలి. తడిపాక ఆగకూడదు — ఆగితే బూజు.

భర్త లూషస్ పత్రిక నడుపుతాడు. నల్లవాళ్ళ పత్రిక. బానిసత్వం పోవాలని రాసే పత్రిక. అచ్చుయంత్రాన్ని ఒకసారి అల్లరిమూక ఏట్లో పారేసింది. తీశారు. తుడిచారు. మళ్ళీ పారేస్తారు... మళ్ళీ తుడవాలి.

తుడవడం కెజాయా పనే.

ఈ వారం మొదటి పేజీ డోర్కస్‌ది. నెల కిందట అవతలి ఒడ్డు నుంచి, కెంటకీ నుంచి, ఏరు దాటి పారిపోయి వచ్చిన బానిస. చదువు రాదు. ఆమె చెప్పింది, కెజాయా రాసింది. ఊళ్ళ పేర్లు తీసేసింది. కింద తన పేరు మాత్రం ఉండాల్సిందే అంది డోర్కస్.

"పేరు వేస్తే నీ యజమాని మనుషులు వచ్చి ఈడ్చుకుపోతారమ్మా," అన్నాడు లూషస్. "'ఒక స్త్రీ' అని వేద్దాం."

"అవతల ఆడవాళ్ళకి కరువా బాబూ? నా కూతురు అక్కడే ఉంది. అమ్మ ఏట్లో మునిగిపోయిందనుకుంటోంది. పేరు వింటేనే గదా బతికున్నానని తెలిసేది!"

ఆ ఒడ్డున ఈ పత్రిక దొరికితే కొరడా. అందుకే కాగితం దాటదు. పడవల మీద గడ్డాలు గీసే మనవాళ్ళు చదివి, కంఠతా పట్టి, రేవు రేవునా చెబుతారు. మాట దాటుతుంది.

శుక్రవారం మధ్యాహ్నం దాటింది. కాగితాలు ఆగవు.

పదేళ్ళుగా ఇంతే. నిజం చెప్పాలి — సగం దాచి చెప్పాలి.

కెజాయాకి నడుం నొప్పి.

"నీ పిల్ల నిన్నేమని వెక్కిరించేది?" అని డోర్కస్‌ని అడిగింది.

డోర్కస్ నవ్వింది. వచ్చాక మొదటిసారి.

"మొక్కజొన్న రొట్టెలో ఉప్పు మరిచిపోతానక్కా. ప్రతిసారీ. 'ఉప్పు మరిచే మనిషొచ్చింది' అనేది."

"యజమానికి తెలుసా?"

"ఆయన రొట్టెలో మరిస్తే నాకు వీపు మిగిలేదా?"

లూషస్ తల పట్టుకున్నాడు. "మనిషి స్వేచ్ఛ గురించి ఇంత రాసి, కింద పేరుకి బదులు ఉప్పు సంగతా?"

"ఆ రొట్టె తిన్నవాళ్ళకి తెలుస్తుందిలే. నువ్వు సిరా చూడు."

సీసపు అక్షరాలు... ఒక్కొక్కటే. అద్దంలోలా తిరగేసి పేర్చింది కెజాయా.

ఉప్పు మరిచే మనిషి.

మొదటి కాగితం వచ్చింది.

"చదువక్కా."

చదివింది.

"మళ్ళీ."

మళ్ళీ.

"వింటే... నవ్వుతుందంటావా? ఏడుస్తుందంటావా?"

అసలు వింటుందా అని అడగలేదు డోర్కస్.

కెజాయా కాగితాన్ని తాడు మీద వేసింది. ఏటి గాలికి అది కదులుతోంది —

ఇంకా ఆరలేదు.