ముగ్గురిలో ఎవరు

బిచ్యాకు పొద్దుటి నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. కొత్తగూడెం కోర్టు వరండాలో ఈ కొసకూ ఆ కొసకూ తిరుగుతున్నాడు. కాసేపు కూర్చోమని మంగ్లి రెండుసార్లు చెప్పింది. మొగుడి సంగతి తెలిసిందే కనుక ఆపైన ఊరుకుంది.

జైల్లో ఒక వార్డరు తనను కొట్టి ఎడమ చెవి వినపడకుండా చేశాడని, ఆ రోజు డ్యూటీలో ఉన్న ముగ్గురు వార్డర్ల మీద బిచ్యా వేసిన నష్టపరిహారం దావా ఇవాళ విచారణకు వచ్చింది. టేకులపల్లి పక్క తండా మనిషి జైలు వాళ్లను కోర్టుకు లాగడమేమిటని నవ్వినవాళ్లు నవ్వారు. వకీలు సరళ మాత్రం నవ్వలేదు. కొట్టినవాణ్ణి గుర్తుపడతావా అని మొదటి రోజే అడిగింది. పట్టలేనంటే కేసు ఎక్కడ తీసుకోదోనని, పడతానన్నాడు.

అది పచ్చి అబద్ధం. ఇప్పుడు అతన్ని కూర్చోనివ్వనిది అదే. వరండా చివర మామూలు బట్టల్లో చాయ్ తాగుతున్న ముగ్గురే ఆ వార్డర్లని సరళ చెప్పింది. ముగ్గురినీ ఓరగా చూశాడు. వాళ్లలో కొట్టిందెవరో అంతుబట్టలేదు.

పిలుపు వచ్చింది. బిచ్యా బోనెక్కాక అవతలి వకీలు నింపాదిగా లేచి, ముగ్గురినీ వరసగా నిలబెట్టించి, కొట్టిందెవరో చూపించమన్నాడు.

ఎవరో ఒకరిని చూపిస్తే పోయేది. ముగ్గురూ ఆ తానులో ముక్కలే కదా అనుకున్నాడు. చెయ్యి లేచింది కూడా. కానీ తాను జైలుకు పోయిందీ అలాగే. ఎవరో నరికిన టేకు చెట్టుకు, వీడే నరికాడని ఇంకెవరో చూపిస్తే, కేసు కొట్టేసేదాకా లోపల మగ్గాడు. ఆ పాపం చెయ్యడం తనవల్ల కాలేదు. చెయ్యి దించేశాడు. సరళ మొహం పాలిపోయింది.

"అంటే తెలియదన్నమాట," అని అవతలి వకీలు చిన్నగా నవ్వాడు.

ఆ నవ్వుకు బిచ్యాకు ఒళ్లు మండింది. అప్పటిదాకా ఉన్న భయం ఎటు పోయిందో పోయింది.

"అవ్, తెల్వదు సారూ. తెలుస్తదని మేడంకు అబద్ధం చెప్పిన. లోపల సార్లు వస్తే తల కిందికేసి కూసోవాలె. ఎత్తినోన్ని కొట్టేటోళ్లు. నేను ఒక్కపాలి ఎత్తబోయిన. మొఖం కనబడకముందే చెంప మీద పడ్డది."

ఇంకేమైనా చెప్పేదుందా అని జడ్జి అడిగారు. బిచ్యా ఆ ముగ్గురి వైపు తిరిగి, ఒక్కొక్కరినే తేరిపార చూడసాగాడు.

"జర ఆగుండ్రి సారూ," అన్నాడు. "మొఖాలు చూడనియ్యిండ్రి."