కుక్కర్ రబ్బరు

మేస్త్రి కుక్కర్ రబ్బరును బల్లమీద పరిచి గోరంత ముక్క కోశాడు. అంచులు గీకి, కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమాడు. గరుకు బాగా తెలుస్తోంది.

రేసుకార్ల షెడ్డులో స్టీరింగుల బాధ్యత ఆయనది. వాటిమీద ఒక మీట ఉంటుంది. నొక్కితే ముందున్న కారును దాటడానికి ఇంజనుకు కాసేపు అదనపు బలం వస్తుంది. కొత్త స్టీరింగులో ఆ మీట మరీ నున్నగా ఉంది. కిందటి రేసులో డ్రైవరమ్మాయి చేతితొడుగులున్న వేళ్లతో వెతికి వెతికి, పక్కనే ఉన్న మంచినీళ్ల మీట నొక్కింది. హెల్మెట్‌లోని గొట్టంలోంచి నోట్లోకి నీళ్లొచ్చాయి, గెలుపు పోయింది. ఈసారీ వెనకబడితే డ్రైవరును మార్చేస్తానని యజమాని తేల్చి చెప్పాడు.

మేస్త్రి మాత్రం తన స్కూటరుమీద ఎవరినీ దాటి ఎరుగడు. చెత్తబండి ముందుంటే ముక్కు మూసుకుని ఇంటిదాకా దాని వెనకే. ‘మీ వెనక కూర్చుంటే చేరేలోగా జుట్టు నెరుస్తుంది’ అంటుంది భార్య.

పొద్దున ఆవిడ వంటింట్లోంచి అరిచింది.

“మళ్లీ కుక్కర్ రబ్బరు పట్టుకుపోతున్నారా? అత్త సొమ్ము అల్లుడు దానమని ఊరికే అన్నారా!”

కుక్కర్ నిజంగానే అత్తగారిచ్చినది.

“సాయంత్రం కొత్తది తెస్తానే,” అన్నాడు. ఇలా తెస్తానన్నవి చాలా ఉన్నాయి. తెచ్చినవి తక్కువ. అయినా ఆవిడకు ఆయనంటే ప్రాణం.

ముక్కను మీటకు అతికించి స్టీరింగు అమ్మాయి చేతికిచ్చాడు.

“కళ్లు మూసుకుని వెతుకమ్మా.”

“దొరికింది బాబాయ్!”

“కంగారుపడి ముందే నొక్కెయ్యకు. మలుపు తిరిగాక, దారి తిన్నగా కనపడ్డాక నొక్కు.”

రేసుకు ముందు గేటు ఎదురుగా ఉన్న కొట్టుకు వెళ్లొచ్చాడు. వచ్చి, ఎడమచెయ్యి రుద్దుకుంటూ స్టూలుమీద కూర్చున్నాడు. ఏమైందని అడిగితే ఎండ దెబ్బేలే అన్నాడు.

చివరి చుట్టులో మలుపు తిరగ్గానే అమ్మాయి వేలు మీటను పట్టేసింది. ముగింపు గీత దగ్గర ముందు కారును దాటేసింది. షెడ్డంతా గంతులేసింది. ఆమె హెల్మెట్ కూడా తియ్యకుండా మేస్త్రి దగ్గరకు పరుగెత్తుకొచ్చింది.

ఆయన గోడకు జారబడి, కళ్లు మూసుకుని ఉన్నాడు. పిలిచారు, కుదిపారు. ఎవరినీ దాటని మనిషి అందరికన్నా ముందు వెళ్లిపోయాడు. ఆ చివరి చుట్టు చూశాడో లేదో ఎవరికీ తెలియదు.

ఆయన జేబులో ఉన్నవి అమ్మాయే ఇంటికి తెచ్చింది. తాళాలు, కళ్లజోడు, కాగితంలో చుట్టిన కొత్త రబ్బరు.

“అయ్యో, తెచ్చారే!” అంటూ ఆవిడ కూలబడి ఏడ్చింది. చాలాసేపటికి కళ్లు తుడుచుకుని, “పాతది ఎక్కడుందమ్మా? అదీ తెచ్చిపెట్టు,” అంది.

కుక్కర్‌కు కొత్తది వేసింది. అమ్మాయి తెచ్చిచ్చిన పాత రబ్బరు ఇప్పటికీ వంటింట్లో మేకుకు వేలాడుతోంది, ఒకచోట గోరంత ముక్క లేకుండా.