ఏడు రోజులు కోయరాదు

ఆరో నిమిషానికి యంత్రం తెర మీది గీతలో ఆంబోతు మూపురంలా ఒకటి లేచింది. ల్యాబు టెక్నీషియను తెర మీదికి వంగి చూశాడు. ఆ మాంసం సొంత బావమరిది కొట్టుది. మాంసాన్ని రుబ్బి, రసం తీసి, సన్నని గొట్టంలోకి నెడితే అందులో కలిసినవి ఒక్కోటి ఒక్కో నిమిషానికి విడివిడిగా బయటపడతాయి. ఆరో నిమిషంలో వచ్చేది యాంటిబయాటిక్. అది ఉందని తేలితే కొట్టుకు సీలు పడుతుంది.

మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ మూపురమే.

బావమరిది గుమ్మం దగ్గరే కాసుకుని ఉన్నాడు. "నా మేకలకు దగ్గొచ్చినా మందు పట్టలేదు బావా. అక్క మీద ఒట్టు."

"మీ అక్కను మధ్యలోకి లాగకు. ఇంటికెళ్ళి తినాల్సింది నేను."

పోల్చి చూడటానికి ఫ్రీజరులో దాచిన, మందు అంటని ముక్కను కూడా కోసి పెట్టాడు. అందులోనూ లేచింది. చివరికి కత్తి కడిగిన నీళ్ళు పెట్టాడు. మూపురం తెర అంచు దాటిపోయింది.

అప్పుడు తట్టింది. పన్నుపోటుకు డాక్టరు అదే యాంటిబయాటిక్ పూటకు అర బిళ్ళ మింగమన్నాడు. బిళ్ళను సగం చేయడానికి ఆ గదిలో మాంసం కత్తిని మించిన పదును లేదు. కోశాక చొక్కా అంచుకు తుడిచి పెట్టేవాడు.

ఉద్యోగం పోతే పోయిందని పెద్దసారుకు చెప్పేశాడు. పెద్దసారు కళ్ళజోడు సవరించుకున్నాడు.

"మందు దొరికిందని రిజిస్టరులో ఎక్కింది. ఎక్కింది దిగదు. ఏ జీవిలో అన్నదే ఇంకా రాయలేదు. బిళ్ళ తిన్నదెవరు?"

"నేనే సార్."

"బరువు?"

"అరవై రెండు కిలోలు."

"కొమ్ములు?"

"లేవు సార్."

కొట్టు మాంసాన్ని కొత్త కత్తితో కోసి మళ్ళీ పెట్టారు. గీత చాప పరిచినట్టు పడుకుంది. బావమరిదికి శుభ్రమని కాగితం ఇచ్చారు. బావ మెడలో పసుపు చీటీ కట్టారు: బరువు అరవై రెండు కిలోలు; మందు ఒంట్లోంచి పోయేదాకా ఏడు రోజులు ఈ జీవిని కోయరాదు, మాంసపు కొట్టు గడప తొక్కనివ్వరాదు.

మరునాడు ఇల్లాలు అర కిలో తెమ్మంటే వెళ్ళాడు. కొట్టు కిటకిటలాడుతోంది. బావమరిది కత్తి పట్టుకునే గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"అక్కడే ఆగు బావా. నువ్వు లోపలుండగా ఎవరన్నా చూస్తే కొట్టుకు సీలేస్తారు."

"నేను కొనడానికొచ్చానురా."

"నాకు తెలుసు. నీ చీటీకి తెలీదుగా."

వరుసలో ఉన్న ముసలాయన చీటీ చదివి, అతణ్ణి పైనుంచి కిందిదాకా చూశాడు. "అరవై రెండా? ఎముకే ఎక్కువలా ఉంది" అన్నాడు.

బావమరిది అర కిలో తూచి, పొట్లాన్ని కొక్కెం కర్రకు తగిలించి, దూరం నుంచే వీధిలోకి చాపాడు.